మా నాయన ఓడకు అంటగట్టిన పాపం

మా నాయన ఎవరినీ చంపలేదు. ఇంత మాట రాసి మొదలుపెట్టవలసి వచ్చినందుకే నాకు ఒళ్లు మండుతోంది. తల్లాడ బస్టాండులో, చండ్రుగొండ సంతలో, భద్రాచలం వెళ్లే బస్సుల్లో మా చర్చి సంఘం పంచిన కరపత్రం మీద ఆయన ఫొటో ఉంది. దాని పైన ఏ దేశానిదో తెలియని, ఫిరంగులు బారులు తీరిన యుద్ధనౌక బొమ్మ ఉంది. సముద్రంలో మందుపాతరలు పాతిన చేతులు నేడు ప్రభువును స్తుతిస్తున్నాయని ఎర్రటి అక్షరాలతో అచ్చు వేశారు. మా నాయన చేతులు మందుపాతరలు పాతలేదు. తీశాయి. తీయడమే ఆయన ఉద్యోగం.

ఇది చదివి సంఘాన్ని వెక్కిరించుదామనుకునేవాళ్లకు నేను తోడు రాను. నేను ఆ మందిరంలో పెరిగాను. ఇరవై ఏళ్లుగా అక్కడ సండే స్కూలు చెబుతున్నాను. ఈ రోజుకీ మోకాళ్ల మీద పడకుండా పొయ్యి వెలిగించను. వాక్యం మీద నాకు నమ్మకం ఉంది కాబట్టే ఈ కోపం. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని పసిపిల్లల చేత వల్లె వేయించినదాన్ని నేనే.

మా నాయన పని చేసిన ఓడ చెక్క ఓడ. నౌకాదళంలో చెక్క ఓడ ఏమిటని మా ఊళ్లో నవ్వేవారు. శత్రువు సముద్రంలో వదిలే మందుపాతరల్లో కొన్ని ఇనుమును పసిగట్టి పేలతాయి. అందుకని వాటిని వెతికి తీసే ఓడను ఒళ్లంతా చెక్కతో కడతారు. ఓడ వెనక నుంచి పొడవాటి తీగమోకులు నీళ్లలోకి వదులుతారు. వాటికి అక్కడక్కడా కోత కత్తులు బిగించి ఉంటాయి. మందుపాతరను అడుగున బరువుకు కట్టి ఉంచిన గొలుసు ఆ కత్తికి తగిలి తెగితే, అది పైకి తేలుతుంది. తేలినదాన్ని దూరం నుంచి తుపాకితో కాల్చి పేల్చేస్తారు. ఆ మోకును వదిలి, మళ్లీ చుట్టుకునే యంత్రాన్ని వించి అంటారు. మా నాయన వించి మీది మనిషి. మోకుకు ఏదైనా తగిలితే కళ్లకంటే ముందు అరికాళ్లకు తెలిసేదట.

ఆయన ఉన్న ఏళ్లన్నిటిలో నిజమైన మందుపాతర ఒక్కటే తగిలింది. ఎప్పటిదో పాత యుద్ధానిది, తుప్పు పట్టి గవ్వలు పేరుకుని ఉంది. మిగతాదంతా సాధన. రేవు ముందు దారిని ఆ మోకుతో ఊడ్చి, ఏమీ లేదని చెప్పి రావడం. "మేం ఊడ్చినంక మా వెనక సరుకు ఓడలు పొయ్యేటియి. మమ్మల్ని చూసేటోళ్లు గూడ కాదు. ఏం గాకపోవుడే మా పని" అనేవాడు.

ఓడ పాతబడ్డాక నౌకాదళం దాన్ని వదిలించుకుంది. ఒక షావుకారు కొని, తుపాకి పీకేసిన చోట నీళ్లు తోడే పంపులు పెట్టి, మునిగిన పడవలను పైకి తీసే ఓడగా మార్చాడు. మా నాయన సర్వీసు కూడా అప్పుడే ముగిసింది. ఆ వించి మొండిది, ఈయన చెప్తేనే వింటుందని తెలిసి షావుకారు కబురు పెట్టాడు. ఇసుకలో కూరుకున్న బార్జీలు, తుపానుకు బోల్తాపడిన చేపల పడవలు, తెగిపోయిన లంగర్లు, ఎన్నోసార్లు మనుషుల శవాలు, అన్నిటినీ అదే వించితో పైకి లాగాడు. ఓడను ముక్కలు చేసే దాకా ఉండి ఇల్లు చేరాడు.

ఓడను షావుకారుకు అప్పగించే ముందు జెండా దించిన రోజున నౌకాదళం వాళ్లు ఆ ఓడ సేవా చరిత్రను టైపు కొట్టి సిబ్బందికి తలా ఒక ప్రతి ఇచ్చారు. నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. షావుకారు ఓడకు చరిత్ర ఎవరు రాస్తారు? అందుకని ఆ తర్వాతి ఏళ్లవి మా నాయనే తెలుగులో రెండు పేజీలు రాసుకుని వాటికి కుట్టాడు.

ఇక నా తప్పు. మా సంఘంలో సాక్ష్యానికి ఒక వరస ఉంది. లేచి నిలబడినవాడు ముందు తన చీకటి చెప్పాలి. తాగుడో, జూదమో, పెళ్లాన్ని కొట్టడమో. తర్వాత ప్రభువు తాకిన రోజు చెప్పాలి. ఆ తర్వాత వెలుగు. ఈ వరస పిల్లలకు నేర్పింది నేనే. పదో తరగతి అమ్మాయి ఒకతి నాకు చెప్పుకోవడానికి పాపమేమీ లేదు టీచర్ అంటే, సరిగ్గా వెతుక్కో అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో నాలుక కొరుక్కుంటాను.

పోయిన ఏడు మా ఊళ్లో సువార్త సభలు పెట్టినప్పుడు, మా నాయన సాక్ష్యం కావాలని పాస్టర్ గారు ఇంటికి వచ్చారు. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, నలభై దాటని వయసు, మాట తియ్యగా ఉంటుంది. మా నాయన ఒప్పుకోకపోతే నేనే బతిమాలి కూర్చోబెట్టాను. ఆరు పేజీలూ తెచ్చి ముందు పెట్టాను, ఇంగ్లీషు పేజీలకు తెలుగు కూడా రాసి ఇచ్చాను.

పాస్టర్ గారు పెన్ను తీశారు. "బాబాయ్ గారూ, ఆ రోజుల్లో తాగేవారాండీ?"

"నేవీల రమ్ము ఇస్తరయ్యా. నాది పక్కోనికిచ్చి సబ్బు తీసుకునేటోణ్ణి."

"పోనీ, ఓడ మీద తుపాకులుండేవా?"

"ఒకటుండె."

"దాంతో ఎవరినైనా..."

"తేలిన మందుపాతరను కొట్టెటోళ్లు. గది గూడ నేను గాదు. నాకు గురి కుదరది."

పెన్ను కాగితం మీద కదల్లేదు. పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "అంటే బాబాయ్, బాప్తిస్మానికి ముందు మీ జీవితం ఎలా ఉండేదీ అని."

"ముందు గదే వించి. తర్వాత గదే వించి" అన్నాడు మా నాయన.

నేను నవ్వాను కూడా. ఆయన బాప్తిస్మం తీసుకున్న ఏడే ఓడ చేతులు మారిందని ఆయన రాసుకున్న పేజీల్లో ఉంది. పాస్టర్ గారికి అదొక్కటి చాలిందని నాకప్పుడు తెలియదు.

సభ సాయంత్రం మొదలైంది. నాలుగు ఊళ్ల జనం. మా నాయన కోసం వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి శాలువా కప్పారు. ఆయనకు ఆయాసం కాబట్టి సాక్ష్యం తానే చెబుతానని పాస్టర్ గారు మైకు అందుకున్నారు.

"ఈ ముసలాయన చేతులు చూడండి! సముద్రంలో మృత్యువును విత్తిన చేతులండీ ఇవి! ఓడలకు ఓడలు మందుపాతరల మీద పేలిపోతుంటే ఎందరు తల్లుల కడుపులు కాలాయో! అలాంటి మరణపు ఓడను ప్రభువు తాకాడు. మునిగినవాళ్లను పైకి లాగే ఓడగా మార్చాడు. ఆ ఓడనే మార్చినవాడు నిన్ను మార్చలేడా?"

జనం స్తోత్రం అన్నారు. కొందరు ఏడ్చారు. కీబోర్డు అబ్బాయి సన్నగా వాయిస్తున్నాడు. మా నాయన మెడ తిప్పి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. సభలో కాపరి మాటకు అడ్డు చెప్పకూడదన్నది మాకు చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన క్రమం.

ఇంటికి వచ్చాక శాలువా మడిచి దండెం మీద వేశాడు. "నువ్వు రాసిచ్చిన కాయితంల గిట్లుందా బిడ్డా?"

"లేదు నాయినా."

"ఆయనకు చదువు రాదా మరి?"

పాస్టర్ గారు రెండు డిగ్రీలున్న మనిషి.

పదిహేను రోజుల్లో కరపత్రాలు అచ్చయి వచ్చాయి. మూటలు కట్టి ఆటోలో వేసుకుని మన్యం ఊళ్లకు కూడా తీసుకెళ్లి పంచారు. అక్కడి సంగతి పాస్టర్ గారికి తెలియక కాదు. ఈ అడవి అంచున మందుపాతర అంటే ఎక్కడో సముద్రం మాట కాదు. బండ్లు నడిచే బాటలో, కాలు పెట్టే చోట, మట్టి కింద ఉండేది. ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అన్నది నేను రాయను. పోయినవాళ్లు మాత్రం కట్టెలకూ వెదురుకూ వెళ్లినవాళ్లు.

అలా తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఒకాయన మా నాయనకు ప్రాణ స్నేహితుడు. అడవి లోపలి ఊరాయన. మా మందిరం మనిషి కాదు, వాళ్ల వేల్పులే ఆయనకు వేల్పులు. ముప్పై ఏళ్లుగా తేనె, ఇప్పపువ్వు, చీపుర్లు పట్టుకుని వచ్చి, సంతకు వెళ్లే ముందు మా అరుగు మీద కూర్చుని టీ తాగేవాడు. సముద్రం చూడని ఆయనకు మా నాయన సముద్రం చెప్పేవాడు. చిట్టడవి చూడని మా నాయనకు ఆయన అడవి చెప్పేవాడు. "గన్ని నీళ్లుండి తాగనీకె పనికిరావంటే ఏం సముద్రం అన్నా గది" అని ఎగతాళి చేసేవాడు. తమ్ముడు వెదురుబాటలో పోయినప్పుడు, ఇంటి వాళ్లు కూడా దగ్గరికి రావడానికి భయపడితే, ఆ బాట మీద అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి శవాన్ని మోసుకొచ్చిన ఇద్దరిలో మా నాయన ఒకడు.

ఆశ్రమ పాఠశాలలో చదివే ఆయన మనవరాలు కరపత్రాన్ని ఇంట్లో పైకి చదివింది. ఆ వారం ఆయన వచ్చాడు గాని అరుగెక్కలేదు. తేనె డబ్బా చేతిలో పట్టుకునే రోడ్డు మీద నిలబడ్డాడు.

"అన్నా, గిది నువ్వేనా?"

"ఫొటో నాదే."

"నువ్వు పెట్టినవా?"

"నేను తీసినోణ్ణిరా. నీకు చెప్పలేదా గిన్నేండ్లు?"

"చెప్పినవ్. మరి మీ చర్చోళ్లే అచ్చేసిర్రు గద. నీ మీద మీవోళ్లు అబద్ధమెందుకు రాస్తరు?"

 తేనె డబ్బాతోనే ఆయన వెళ్లిపోయాడు. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారం వేరే దారిన సంతకు వెళ్లాడని విన్నాం.

మా నాయన ఆదివారం మందిరానికి రావడం మానేశాడు. ఆ మందిరం పునాదికి రాళ్లు మోసిన మనిషి. అన్నం ముందు పెడితే చెయ్యి కడుక్కుని ఒకటే మాట అన్నాడు. "వాడు మళ్ల నా అరుగు మీద కూసోవాలె. నాకింకేం వద్దు. ఏ మైకుల అన్నడో గా మైకులనే కాదని చెప్పమను."

నేను పాస్టర్ గారి ఇంటికి వెళ్లాను. సంఘ పెద్ద ఒకాయన కూడా అక్కడే ఉన్నాడు.

"అయ్యగారూ, మీరు చెప్పింది నిజం కాదు. వచ్చే ఆదివారం సరిచెయ్యండి" అన్నాను.

"అమ్మా, ఆ కరపత్రం చదివి ఇద్దరు తాగుడు మానేశారు, తెలుసా? ఆత్మలు దొరుకుతుంటే మాట దగ్గర పట్టుబడతావేంటమ్మా?"

"అది మాట కాదు అయ్యగారూ, మా నాయన."

సంఘ పెద్ద మధ్యలో అందుకున్నాడు. "ఓడ అన్నంక యుద్ధం చెయ్యదా? యుద్ధం చేస్తే సావులుండవా? గింత దానికి పంచాదేంది?"

"అంబులెన్సు డ్రైవరు రోడ్డు మీదనే ఉంటడు గద, గుద్దింది గూడ ఆయనేనా మామా?" అన్నాను.

పాస్టర్ గారు చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. "చీకటి చూపించకుండా వెలుగెలా చూపిస్తామమ్మా? నువ్వు సండే స్కూల్లో చెప్పేది అదే కదా?"

నిజమే. అందుకే నా కోపం రెట్టింపైంది. మంచివాడు మొదటి నుంచీ మంచిగా ఉంటే వీళ్లకు పనికిరాడు. ప్రభువు ఒక మనిషిని ఎన్నేళ్లుగానో మెల్లగా, చప్పుడు లేకుండా చేయి పట్టి నడిపిస్తే అది మహిమ కాదట. ముందు హంతకుణ్ణి చేయాలి, అప్పుడు చప్పట్లు కొట్టాలి. అబద్ధం తోడు లేకపోతే నిలబడలేని దేవుణ్ణి నేను ఎన్నడూ ఎరగను. వీళ్లు ఎవరిని ప్రకటిస్తున్నారు?

ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ నేనే లేచాను. వైర్లెస్ మైకు చేతికి వచ్చింది. ఓడ సేవా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ రాత ఎలా ఉంటుందంటే, ఫలానా రేవు ముందు మార్గం ఊడ్చాం, ఏమీ దొరకలేదు. ఫలానా చోట తీగమోకు తెగింది, మళ్లీ కట్టి ఊడ్చాం, ఏమీ దొరకలేదు. తుపాను తర్వాత మళ్లీ ఊడ్చాం, ఏమీ దొరకలేదు. ఒక పేజీ అయ్యేసరికి జనం కదలడం మొదలుపెట్టారు. ముందు వరుసలోంచి సంఘ పెద్ద, "సాక్ష్యం చెప్పమ్మా, గీ రిపోర్టు ఎందుకు?" అన్నాడు.

"గిదే సాక్ష్యం" అన్నాను.

పాస్టర్ గారు కీబోర్డు అబ్బాయి వైపు చూశారు. సాక్ష్యం పొడవైతే ఆపడానికి మా దగ్గర అదే పద్ధతి. ఎవరినీ కూర్చోమనరు. పాట ఎత్తుకుంటారు. కీబోర్డు మొదలైంది, డప్పు కలిసింది, రెండు వందల గొంతులు హల్లెలూయ అన్నాయి. మైకు ఆగిపోయింది. నేను చదవడం ఆపలేదు. మునిగిన పడవల పేజీల దాకా, చివరి వాక్యం దాకా, చప్పట్ల మధ్య అరుస్తూ చదివి కూర్చున్నాను. దేవుని స్తుతితో నిజం నోరు మూయించడం నేను కళ్లారా చూశాను. నా పక్కన పాటల బృందంలో పాడే ఆమె చెవి దగ్గరికి వంగి, "అక్కా, మస్తు చెప్పినవ్. ఒక్క ముక్క ఇనబడలే గని" అంది.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే మా నాయన లేచి చొక్కా వేసుకున్నాడు. "నడు, వాడి దగ్గరికే పోదాం."

బస్సు దిగి, ఆటో దొరికినంత దూరం ఆటోలో, ఆ తర్వాత నడిచి వెళ్లాం. ఆయాసానికి మూడుచోట్ల ఆగాడు. స్నేహితుడు ఇంటి ముందు తడిక అల్లుకుంటున్నాడు. మమ్మల్ని చూసి తన భాషలో లోపలికి ఏదో కేకవేశాడు. ఆయన భార్య నీళ్లు తెచ్చి ఇచ్చింది. మంచం వాల్చలేదు.

నేను కాగితాలు తీసి చదివాను. ఇక్కడ ఎవరూ పాట ఎత్తుకోలేదు. ఆయన చేతిలో పని ఆపి ఆఖరి దాకా విన్నాడు. విన్నాక నన్ను చూడలేదు, మా నాయననే చూశాడు.

"గా మైకుల నిన్ను అట్లంటుంటే నువ్వేడున్నవ్?"

"ఆడనే. కుర్చీల."

"శాలువా కప్పుకొని?"

"అవ్."

"లేసి కాదనకపోతివి?"

"సభల లేవగూడదనుకున్నరా."

"నా తమ్ముని కాడికి పొయ్యేటప్పుడు భయం లేకపాయె. పాస్టర్ కాడ భయమొచ్చెనా?" ఆయన చేతిలోని వెదురుబద్ద పక్కన పడేశాడు. "నాకు చదివిచ్చుడేంది అన్నా? నేను నిన్ను ఎరగనా? నువ్వు ఊకుంటివి. గది నాకు కోపం. మా ఊళ్లె గూడ పంచిర్రు. ఈడి పోరగాండ్లు నీ ఫొటో సూపిచ్చి పెట్టింది గీయననే అంటుర్రు. నాకాడ గాదు, ఏడ ఊకున్నవో ఆడ చెప్పు. చెప్పినంక నేనొస్త."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో నేను ఏడ్చాను. మా నాయన ఏడవలేదు. ఆ కుర్చీలో ఆయన ఊరుకున్నాడు, కింద చాప మీద నేను ఊరుకున్నాను. పాస్టర్ గారి మీద కోపం ఎంత ఉందో నా మీద నాకు అంతకంటే తక్కువేమీ లేదు.

మరుసటి ఆదివారం ఆయన నాతో వచ్చాడు, కాని లోపలికి రాలేదు. ఆరాధన అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడ్డాడు. జనం బయటికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరినీ ఆపి అదే మాట చెప్పాడు. "నేను మందుపాతర పెట్టలే. తీసిన. పాస్టర్ చెప్పింది అబద్ధం." కొందరు తల వంచుకుని పోయారు. కొందరు వందనాలు తాతా అని తప్పించుకున్నారు. ఒక ముసలమ్మ ఆగి, "నాకు తెల్వదా కొడకా, నీ సంగతి" అంటే, "నీకు తెలిస్తే సాలది పెద్దమ్మా, నీ కోడలికి చెప్పు" అన్నాడు. మీటింగుల్లో గొంతు పెగలని మనిషి రెండు వందల మందికి రెండు వందల సార్లు చెప్పాడు. మధ్యలో ఊపిరి అందకపోతే నా భుజం పట్టుకుని ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం సంఘ పెద్ద వచ్చి, గేటు కాడ గిట్ల పరువు తీసుడు మంచిగ లేదన్నాడు. "పరువు నాది పోయింది. నీదేడ పోయింది?" అన్నాడు మా నాయన.

నాలుగో ఆదివారం రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర ఆయన స్నేహితుడు కనిపించాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. గ్లాసు చేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. జనం అంతా వెళ్లిపోయాక పాస్టర్ గారు బండి తీస్తూ బయటికి వచ్చారు. మా నాయన బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా, నేను మందుపాతర పెట్టలే. తీసిన."

పాస్టర్ గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నాకు తెలుసు కదా బాబాయ్."

"తెలిస్తే మైకుల చెప్పు."

పాస్టర్ గారు బండి దిగలేదు. పక్క నుంచి తిప్పుకుని వెళ్లిపోయారు. కరపత్రం ఇంకా పంచుతూనే ఉన్నారు. ఆయన ఇప్పటికీ మైకులో ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నేనింకా ఆ మందిరానికే వెళుతున్నాను, ఎందుకంటే అది ఆయన సొత్తు కాదు. సండే స్కూల్లో పిల్లలకు పాపం వెతుక్కోమని మాత్రం ఇక చెప్పడం లేదు.

ఆ రోజు స్నేహితుడు టీ గ్లాసు కొట్టు బల్ల మీద పెట్టి, రోడ్డు దాటి వచ్చాడు. "ఎండల ఎంతసేపు నిలబడతవ్, జల్దీ నడు" అని మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే వారం నేను గూడ నిలబడత. నువ్వు చెప్పుకుంట పో, నీకు దమ్ము అందనప్పుడు నేను చెప్త."